దినాలు అయిపోయిన తర్వాత

కడప జిల్లాలో మాజీ సైనికుడు ఎవరైనా పోయారంటే ఆ కబురు ఒకట్రెండు రోజుల్లో నా దాకా వస్తుంది. నాకు పదవేమీ లేదు. సైన్యంలో యంత్రాల మరమ్మతు చూసే ఈఎంఈ విభాగంలో క్లర్కుగా చేరి, చివరి సంవత్సరాలు సికింద్రాబాద్‌లోని ఈఎంఈ రికార్డ్స్‌లో పనిచేసి, సుబేదారుగా రిటైరై ఇప్పుడు ఎర్రముక్కపల్లెలో ఉంటున్నాను. రికార్డ్ ఆఫీసులో చేసినోడికి పెన్షన్ కాగితాల సంగతి తెలుస్తుందని మావాళ్ల నమ్మకం. "సార్, మా ఊర్లో ఫలానా హవల్దారు పోయినాడు. ఆయమ్మకు ఏమీ తెలీదు. ఒకసారి వస్తారా?" అని ఫోన్ చేస్తారు. వెళ్తాను.

సర్వీసులో ఉన్నప్పుడు ఈ చావులన్నీ నా టేబుల్ మీదికి ఉత్తరాలుగా వచ్చేవి. నంబరు, ర్యాంకు, పేరు, పోయిన తేదీ. భార్య పేరు రికార్డులో ఉందా, ఉంటే సరిపోయిందా చూసి, తేడా ఉంటే ఫలానా కాగితం పంపండని జవాబు పోయేది. ఆ జవాబు చేరిన ఇల్లు ఎలా ఉంటుందో రిటైరైన తర్వాతే చూశాను. ఇంగ్లీషులో ఉన్న ఆ ఒక్క పేజీ పట్టుకుని, చదివి చెప్పే పిల్లోడి కోసం వీధి వీధి తిరిగిన ఆడవాళ్లున్నారు.

సరిహద్దులో ప్రాణం పోయిన సైనికుడి ఇంటికి జనమంతా వస్తారు. రావాలి కూడా. 2025 మేలో గోరంట్ల మండలం కళ్లితండా అగ్నివీర్ మురళీ నాయక్ నియంత్రణ రేఖ దగ్గర పాకిస్థాన్ కాల్పుల్లో అమరుడైనప్పుడు రాయలసీమ మొత్తం ఆ తండా వైపు చూసింది. ఉప ముఖ్యమంత్రి, మంత్రులు అంత్యక్రియలకు వచ్చారు. రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షల రూపాయలు, 5 ఎకరాల పొలం ప్రకటించింది. ఒక్కగానొక్క కొడుకును పోగొట్టుకున్న ఆ తల్లిదండ్రులకు ఎంత చేసినా తక్కువే.

నేను చెప్పేది ఇంకో రకం ఇంటి గురించి. 20 ఏళ్లో 24 ఏళ్లో ఫౌజులో చేసి, ఊరికొచ్చి, యర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో సెక్యూరిటీగానో, బ్యాంకులో గన్‌మెన్‌గానో ఇంకొన్నేళ్లు నిలబడి, చివరికి షుగరుతోనో గుండెపోటుతోనో మంచం మీద పోయినవాళ్ల ఇల్లు. వాళ్లలో 1987లో శ్రీలంకకు పోయి వచ్చినవాళ్లున్నారు, కార్గిల్ కొండల కింద ఫిరంగులు మోసినవాళ్లున్నారు. పోయిన రోజు ఊరంతా వస్తుంది. పెద్దకర్మకు బంధువులు వస్తారు. దినాలు అయిపోయిన మర్నాడు ఆ ఇంట్లో మిగిలేది భార్య, ఒక ఇనప పెట్టె. అప్పుడు ఆమెకు కావాల్సింది ఆ పెట్టె ముందు పక్కన కూర్చునే మనిషి.

ముందు జెండా సంగతి చెప్పాలి. "మా నాయన మీద జెండా కప్పండి సార్" అని కొడుకులు అడుగుతారు. ఫ్లాగ్ కోడ్ ప్రకారం ప్రభుత్వ లాంఛనాలతోనో, సైనిక, పారామిలిటరీ లాంఛనాలతోనో జరిగే అంత్యక్రియలకే జెండా కప్పాలి. ఇంట్లో పోయిన మాజీ సైనికుడికి మనంతట మనం కప్పకూడదు. ఆ సమయంలో కాదని చెప్పడం చాలా కష్టం. అందుకని ఆ పక్క ఊళ్లలో ఉన్న మావాళ్లం ఎంతమంది దొరికితే అంతమంది మెడల్స్ పెట్టుకుని వెళ్తాం. ఆయన బెరెట్, ఆయన మెడల్స్ ఆయన గుండెల మీద పెట్టి, పాడె లేచే ముందు వరసగా నిలబడి సెల్యూట్ చేస్తాం. దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. ఖాజీపేట దగ్గర ఒక ఊర్లో ఆ సెల్యూట్ చూసి అప్పటిదాకా ఏడవని పెద్దకొడుకు కూలబడి ఏడ్చాడు. పాతికేళ్లుగా నాయనతో సరిగా మాట్లాడని కొడుకంట.

ఇక పెట్టె. ప్రతి ఫౌజీ ఇంట్లో ఉంటుంది. నల్ల రంగు, దాని మీద తెల్ల అక్షరాలతో నంబరు, ర్యాంకు, పేరు. జమ్మలమడుగు వైపు ఒక ఇంట్లో పెట్టె తాళం చెవి ఆయన మొలతాడుకే ఉండేదట. స్నానం చేయించేటప్పుడు తీసి దేవుని గూట్లో పెట్టారు. "బతికుండగా ఈ పెట్టె నన్ను తాకనీలేదు సార్. మిలట్రీ కాయితాలు, నీకేం అర్థమవుతాయి అనేటోడు" అంది ఆమె. తీస్తే నాఫ్తలీన్ ఉండల వాసన. పైన మడత నలగని ఆకుపచ్చ జెర్సీ. దాని కింద ప్లాస్టిక్ కవర్లో మెడల్స్, డిశ్చార్జ్ బుక్, పీపీవో, క్యాంటీన్ కార్డు, వైద్యానికి వాడే ఈసీహెచ్ఎస్ కార్డు. అన్నిటికంటే అడుగున దారంతో కట్టిన ఇన్‌లాండ్ లెటర్ల కట్ట. పెళ్లయిన కొత్తలో ఆమె చెప్తుంటే ఊరి అయ్యవారు రాసిన ఉత్తరాలు. ఆయన ఎక్కడెక్కడో తిరిగి, యూనిట్లు మారి, అవన్నీ మోసుకొచ్చాడు. ఆమెకు చదువు రాదు. నన్ను చదవమంది. రెండు చదివాను. అందులో ఏముంది, వాన పడలేదు, ఆవు ఈనింది, నువ్వెప్పుడొస్తావు అని. ఆరోజు కాగితాల పని ముట్టుకోలేదు. మళ్లీ వారం వెళ్లాను.

పెట్టెలో ముందు వెతకాల్సింది పీపీవో, అంటే పెన్షన్ పేమెంట్ ఆర్డర్. అందులో భార్య పేరు చేర్చి ఉంటే సగం పని అయినట్టే. అప్పుడు ఎవరినీ కొత్తగా మంజూరు చేయమని బతిమాలక్కర్లేదు. డెత్ సర్టిఫికెట్, ఆమె ఆధార్, పాన్, ఆమె పేరుతో బ్యాంకు ఖాతా పెట్టి సైనిక పెన్షన్ల వెబ్‌సైట్ స్పర్శ్ పోర్టల్‌లో మరణం నమోదు చేస్తే, ప్రయాగ్‌రాజ్‌లో రక్షణ పెన్షన్లు చూసే పీసీడీఏ ఆఫీసు ఫ్యామిలీ పెన్షన్ మొదలుపెడుతుంది. ఆయన పోయిన రోజు వరకు ఆయన పెన్షన్, మర్నాటి నుంచి ఆమె పెన్షన్. ఆయన పోయాక కూడా పాత ఖాతాలో పెన్షన్ పడితే దాన్ని తీయొద్దని ఇంట్లోవాళ్లకు మొదటి రోజే చెప్తాను. అది తర్వాత వెనక్కి కట్టాలి. ఖర్చులకు వాడేసుకుంటే ఆ బరువు ఆమె పెన్షన్ మీద పడుతుంది.

డెత్ సర్టిఫికెట్ 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము లేదు. నెల దాటితే పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఉత్తర్వు దాకా పోతుంది. ఊర్లో అందరికీ తెలిసిన చావే కదా, తర్వాత చూసుకోవచ్చులే అనుకోవద్దు. ఊరి సచివాలయంలో పేరు రాయించేటప్పుడు మాత్రం పీపీవో చేతిలో పెట్టుకుని, అందులో ఎట్లా ఉంటే అట్లాగే రాయించండి. ఊర్లో ఆయన్ని మిలట్రీ సుబ్బన్న అని పిలవొచ్చు. సర్టిఫికెట్‌లో మిలట్రీ సుబ్బన్న పనికిరాడు.

పేర్ల దగ్గర మా ప్రాంతం ఆడవాళ్లు పడే అవస్థ ఇంతా అంతా కాదు. పెళ్లైనప్పుడు ఆయన యూనిట్‌లో ఏ పంజాబీ క్లర్కో చెవికి ఎట్లా వినపడితే అట్లా రాసుకున్న పేరు రికార్డులో ఉంటుంది. రికార్డులో సుబ్బలక్ష్మి, ఆధార్‌లో సుబ్బలక్ష్మమ్మ, బ్యాంకు పుస్తకంలో సుబ్బమ్మ. ఒకచోట పుట్టింటి ఇంటిపేరు, ఒకచోట అత్తింటి ఇంటిపేరు. నలభై ఏళ్లు ఒకే మొగుడితో కాపురం చేసిన మనిషి, ఆయన పెళ్లాన్ని నేనే అని నోటరీ దగ్గర అఫిడవిట్ ఇవ్వాల్సి వస్తుంది. "నేను నేనే అని నేనే చెప్పాలనా సార్?" అని ఒకామె అడిగితే నాకు నోట మాట రాలేదు. కాగితానికి కాగితమే కావాలి, అది నాకు తెలుసు, రికార్డ్ ఆఫీసు ఎందుకు అడుగుతుందో కూడా తెలుసు. కానీ బతికున్న ఫౌజీలారా, మీరు ఒక్కరోజు కూర్చుంటే ఇది మీ సంతకంతో అయిపోతుంది. మీరు పోయాక అదే పని ఆమెకు ఆరునెలల తిరుగుడు.

పుట్టినతేదీ కూడా అంతే. ఫ్యామిలీ పెన్షనర్‌కు 80 ఏళ్లు నిండితే పెన్షన్ 20 శాతం పెరుగుతుంది, 85కి 30 శాతం. ఆమె పుట్టినతేదీ రికార్డులో లేకపోతే ఆ పెంపు దానంతట అది రాదు. పళ్లూడిపోయి, వంగి నడిచే అవ్వలు పాత రేటు మీదే నెట్టుకొస్తున్నారు. ఇంటికి పోయి అవ్వా నీకు ఎన్నేళ్లు అంటే, "నాకేం తెలుసు నాయనా, కరువులో గంజి కేంద్రాలు పెట్టిన ఏడు నేను చిన్నపిల్లను" అంటారు.

ఫోటో దగ్గర ఒక మాట. ఫారానికి ఆమె కొత్త ఫోటో కావాలి. స్టూడియోకు పోతే "బొట్టు తీసేయమ్మా, విడో పెన్షన్‌కు అట్లే ఉండాల" అని అన్నవాళ్లున్నారు. అట్లాంటి రూలు ఎక్కడా లేదు. ఏ ఫారంలోనూ లేదు. బొట్టు పెట్టుకోవాలా వద్దా అన్నది ఆమె ఇష్టం, మొహం ఆధార్‌లో ఉన్నట్టు స్పష్టంగా కనిపిస్తే చాలు. నా ముందరే ఒక స్టూడియోలో ఆ మాట అన్నాడు. ఆమె చెయ్యి నుదుటి మీదికి పోతుంటే నేను ఆపాను. కావాలంటే ఆమే తీసుకుంటుంది, నువ్వు ఫోటో తియ్యి నాయనా అని చెప్పాను. చిన్న బొట్టుబిళ్లతోనే తీయించుకుంది. ఆ ఫోటోతోనే పెన్షన్ వచ్చింది.

కడప టౌన్‌లో ముస్లిం కుటుంబాల నుంచి ఫౌజుకు పోయినవాళ్లు చాలామంది. భర్త పోయినామె ఇద్దత్ పాటిస్తుంది, నాలుగు నెలల పది రోజులు. అన్నాళ్లు బయటికి రాకపోతే బ్యాంకు పనీ, ఆధార్ పనీ ఆగిపోయి, చేతిలో రూపాయి ఆడదు. దీనికి దారి ఉంది. చాలా పనులకు ఆమె గడప దాటక్కర్లేదు. కాగితాలు ఇంటికి తీసుకెళ్లి సంతకమో వేలిముద్రో తీసుకోవచ్చు. కామన్ సర్వీస్ సెంటర్ నడిపే కుర్రాడు ఒకతను వేలిముద్ర మిషన్, ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని నాతో వచ్చాడు. వాళ్లమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు, లోపలి గదిలోకి ఆమె వెళ్లి వేలు పెట్టించింది. ఆ తెలివి నాకు తట్టలేదు, అతనికి తట్టింది.

ఇప్పుడు అన్నీ ఫోన్‌తో ముడిపడ్డాయి. స్పర్శ్ ఓటీపీ ఆయన నంబరుకే వస్తుంది. ఆయన పోయిన నెలకు ఆ ఫోన్ మనవడి చేతిలోకి పోతుంది, సిమ్ముకు రీఛార్జ్ ఉండదు, కొన్నాళ్లకు నంబరు పోతుంది. ఆయన సిమ్ము కనీసం పనంతా అయ్యేదాకా బతికించి ఉంచండి. ఏటీఎం కార్డు సంగతి ఇంకా కష్టం. ఆమె పేరున ఖాతా తెరిచి, కార్డు వచ్చాక, పిన్ ఎవరికి తెలుసమ్మా అని అడుగుతాను. కొడుకుల వైపు చూస్తుంది. కొడుకులు మంచోళ్లే అయినా సరే, పిన్ ఆమెకు రావాలి. బ్యాంకు మిషన్ దగ్గరికి తీసుకెళ్లి, ఆమె చేత్తోనే ఐదొందలు తీయించి వస్తాను. కొందరు కొడుకులకు నా మీద కోపం. ఉండనీ.

ఎంత వస్తుంది అన్నది ముందే చెప్పకపోతే తర్వాత గుండె గుభేలుమంటుంది. మామూలు ఫ్యామిలీ పెన్షన్ ఆయన చివరి జీతంలో 30 శాతం. ఆయన 67 నిండకముందే పోయుంటే మొదట కొన్నాళ్లు ఎక్కువ రేటులో వస్తుంది: పోయిన రోజు నుంచి 7 ఏళ్లు, లేదా ఆయన బతికుంటే 67 నిండే రోజు వరకు, ఏది ముందైతే అది. 63 ఏళ్లకు పోతే నాలుగేళ్లన్నమాట. ఆ తర్వాత ఒక నెల ఉన్నట్టుండి పెన్షన్ తగ్గిపోతుంది. బ్యాంకు వాళ్లు మోసం చేశారనో, కొడుకు తినేశాడనో ఇంట్లో గొడవలు. అందుకే ఆ తేదీ లెక్కగట్టి పాస్‌బుక్ అట్ట లోపల తెలుగులో రాసి వస్తాను. ఎట్లా చూసినా నెలకు 9,000, దాని మీద కరువు భత్యం, ఇంతకు తగ్గదు. దీనికి ఎవరికీ కమీషన్ ఇవ్వక్కర్లేదు. బకాయిల్లో ఇంత వాటా ఇస్తేనే పని చేస్తామనేవాళ్లు ఊరూరా ఉన్నారు. దుఃఖంలో ఉన్న ఆడమనిషి దగ్గర వాటా అడిగేవాడికంటే నీచుడు లేడు.

15 ఏళ్ల సర్వీసు నిండక ముందే ఇంటికొచ్చినవాళ్ల భార్యలకు పెన్షనే లేదు. వాళ్లను ఎవరూ లెక్కలో వేసుకోరు. హవల్దారు ర్యాంకు వరకు, 65 దాటి వేరే ఆదాయం లేని వితంతువులకు కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే నెలసరి సాయం ఉంది. నెలకు 4,000 ఉన్నదాన్ని 2025 నవంబరు నుంచి వచ్చే అప్లికేషన్లకు 8,000 చేశారు. కూతురి పెళ్లికి ఇచ్చేది 50,000 నుంచి లక్ష అయింది, పిల్లల చదువుకు నెలకు వెయ్యి ఉన్నది రెండు వేలు. ఇంటర్‌లో 60 శాతం మార్కులొచ్చి బీటెక్ లాంటి ప్రొఫెషనల్ కోర్సులో చేరిన పిల్లలకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ కూడా ఉంది, ఆడపిల్లకు నెలకు 3,000, మగపిల్లోడికి 2,500. వీటన్నిటికీ దారి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమే. వితంతువు గుర్తింపు కార్డు కూడా అక్కడే. ఆ కార్డు ముందు చేయించుకోండి, మిగతావాటికి అదే అడుగుతారు.

ఇదంతా కాగితాల సంగతి. నా భార్య నాతో కొన్నిళ్లకు వస్తుంది. ఆమె చేసే పని నాది కాదు. మూడో నెలలో పోదాం అంటుంది. మొదటి నెల ఇంటినిండా జనం, రెండో నెల కాగితాల టెన్షన్, మూడో నెల వచ్చేసరికి పెన్షన్ పడటం మొదలవుతుంది, ఎవరూ రారు, అప్పుడే ఆ మనిషికి నిజంగా తెలిసొస్తుంది అంటుంది. ఫౌజీ భార్యకు ఇంకో చిక్కు ఉంది. ఆయన సర్వీసులో ఉన్నన్నాళ్లు ఏడాదికి పదినెలలు లేకుండానే బతికింది. పిల్లల పురుళ్లు, అత్తమామల చావులు అన్నీ ఒక్కతే ఈదింది. "నీకు అలవాటే కదా" అని అంటారు చూడండి జనం, ఆ మాట వింటే నా భార్యకు ఒళ్లు మండుతుంది. ఆయన వస్తాడని తెలిసి ఉండటం వేరు. రిటైరై వచ్చాకే వాళ్ల కాపురం మొదలైందనుకోవాలి. అది పదేళ్లో పన్నెండేళ్లో సాగి ఆగిపోయింది. మూడో నెలలో మేం పోయినప్పుడు నేను బయట అరుగు మీద కూర్చుంటాను. లోపల ఇద్దరూ కంది ఒలుచుకుంటూనో, టీ తాగుతూనో మాట్లాడుకుంటారు. ఏం మాట్లాడుకున్నారని నేను అడగను.

వచ్చే నవంబరులో జీవన్ ప్రమాణ్ చేయించాలి. లైఫ్ సర్టిఫికెట్ పడకపోతే పెన్షన్ ఆగుతుంది. పొలం పనులు చేసి చేసి వేలి గీతలు అరిగిపోయిన ముసలమ్మలకు మిషన్ మీద వేలిముద్ర పడదు. ఇప్పుడు మంచి కెమెరా ఉన్న స్మార్ట్‌ఫోన్‌తో ముఖం చూపించి కూడా చేయొచ్చు, ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్, జీవన్ ప్రమాణ్ యాప్ రెండూ వేసుకుంటే చాలు. కడప, ఖాజీపేట, మైదుకూరు మేం చూసుకుంటాం. బద్వేలు, పోరుమామిళ్ల వైపు మాకు మనుషులు తక్కువ. అక్కడ మంచం దిగలేని అవ్వలు కొందరున్నారు, ఒకామెకు చూపు లేదు, కళ్లు తెరిచి కెమెరా వైపు పెట్టమని పక్కన కూర్చుని ఓపిగ్గా చెప్పాలి. ఆ వైపు ఉన్న ఫౌజీల పిల్లలు ఎవరైనా ఒక ఆదివారం ఇవ్వగలిగితే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు ఇచ్చి వెళ్లండి. ఏ ఊరు, ఏ ఇల్లు అన్నది నేను ఫోన్ చేసి చెప్తాను.